సూర్యుడికి రెండుసార్లు జరిగిన మర్యాద

గుమ్మటం అక్క అని పెద్దా చిన్నా పిలుచుకునే ఈమె వయసు యాభై నాలుగు సంవత్సరాలు. ఉద్యోగం, కొండమీది వేధశాలలో పరిశీలన సహాయకురాలు. ఈ కాగితాలు రాస్తున్న లేఖకుడికి ఈమె ఇరవై ఆరు సంవత్సరాలుగా తెలుసు. ఇంత కాలంలో ఈమె పని పుస్తకంలో కొట్టివేత ఒక్కటి కూడా అతని కంటపడలేదు. ఆ మాట మొదటే చెప్పడం ఎందుకంటే, తరువాత వచ్చిన చిక్కంతా ఆ కొట్టివేత లేకపోవడం వల్లనే వచ్చింది.

పిలుపుకు తగ్గట్టే ఆమె పని గుమ్మటంతో మొదలవుతుంది. పొద్దు వాలగానే ఇనుప మెట్లు ఎక్కి, గోడకున్న చక్రం తిప్పి, గుమ్మటం రేకులను రెండు పక్కలకు జరుపుతుంది. చక్రం ముప్పై నాలుగు చుట్లు తిరగాలి. ఇరవయ్యో చుట్టు దగ్గర ఒక పన్ను అరిగిపోయింది కాబట్టి అక్కడ భుజం ఆనించి ఒక్క తోపు తోయాలి. ఆ తోపు సంగతి ఆమెకు తప్ప ఇంకొకరికి తెలియదు. ఒకసారి ఆమె జ్వరంతో సెలవు పెడితే, బదులు వచ్చిన మనిషి చక్రం విరిగిందని ఫిర్యాదు రాసిపెట్టి దిగిపోయాడు. మర్నాడు ఆమె వచ్చి తోసింది, చక్రం తిరిగింది. ఆ ఫిర్యాదు మాత్రం కార్యాలయంలో ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఆమె పంతొమ్మిదేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న నక్షత్రానికి జాబితాలో ఒక పొడుగాటి సంఖ్య ఉన్నది. ఆమె దాన్ని "తోడికోడళ్లు" అంటుంది. చూడటానికి ఒక్క చుక్కే అయినా అవి నిజానికి రెండు. ఒకటి పెద్దది, మందకొడి ఎర్ర వెలుగుది. రెండోది భూమి అంతే ఉంటుంది గానీ బరువులో సూర్యుడితో పోటీ పడుతుంది. తెల్లగా మండే ఆ చిన్నదాన్ని శాస్త్రజ్ఞులు తెల్ల మరుగుజ్జు అంటారు. రెండూ ఒకదాని నీడలో ఒకటి అన్నంత దగ్గరగా తిరుగుతుంటాయి. ఆమెకు ఆ చుక్కను అప్పగించినవారు అప్పటి శాస్త్రవేత్త. ఆయనను అందరూ పెద్దాయన అనేవారు. మొదటి సాయంత్రం ఆయన ఆమెను టెలిస్కోపు దగ్గర నిలబెట్టి చెప్పిన మాటలు ఆమె ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది.

"చిన్నకోడలు పెద్దకోడలి ఇంట్లోంచి లాగేస్తోంది తల్లీ. లాగింది లాగినట్టు నోట్లో పడదు. చుట్టూ తిరిగి తిరిగి ముందు ఒక పళ్లెంలా పరుచుకుంటుంది. వేడివేడి వాయువుల పళ్లెం. దాన్ని చూడాలి మనం."

"ఆ పళ్లెం కనబడుతుందాండీ?"

"ఎంత అద్దం పెట్టినా చుక్కే. పళ్లెం కనబడదు."

"కనబడని దాన్ని నేనెట్లా చూసేది?"

"మూసేటప్పుడు చూడు. మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలకోసారి పెద్దకోడలు అడ్డం వస్తుంది. పళ్లెం ఒక అంచు నుంచి మూతపడుతూ పోతుంది. వెలుగు ఎట్లా తగ్గింది, మళ్లీ ఎట్లా తిరిగొచ్చింది, అది రాయి చాలు. పళ్లెం ఎంతది, ఏ పక్క వేడిది, ఆ రాతలోంచి మనం బొమ్మ గీసుకోవచ్చు."

"అంటే తలుపు సందులోంచి పక్కింటిని చూడటమన్నమాట."

"ఆఁ. తలుపు తీసినప్పుడు కాదు, వేస్తున్నప్పుడు."

అప్పటినుంచి ఆమె వేస్తున్న తలుపునే చూసింది. ముందు పళ్లెం అంచు మసకబారడం, ఆ తరువాత తెల్లది దీపం ఊదినట్టు ఒక్కసారిగా పోవడం, పెద్దదాని నుంచి పడే ధార పళ్లేన్ని తాకేచోట ఉండే వేడి మచ్చ అన్నిటికన్నా మొండిగా ఆలస్యంగా మాయమై, ఆలస్యంగానే బయటపడటం, అన్నీ ఆమెకు ఇంట్లో మనుషుల నడక తెలిసినంతగా తెలుసు. కొన్ని వారాలు పళ్లెం ఉబ్బుతుంది. అప్పుడు గ్రహణం ముందే మొదలై తీరిగ్గా ముగుస్తుంది. "చిన్నది ఈ వారం బాగా తినేసింది" అని ఆమె పొద్దున్నే కార్యాలయంలో చెబితే, కొత్తగా చేరిన గుమాస్తాలు ఎవరింటి సంగతో అనుకుని చెవులు రిక్కించేవారు.

రాసే పద్ధతి ఇది. వెలుగును లెక్కించే పెట్టె పది సెకన్లకొకసారి ఒక అంకె చూపిస్తుంది. మొదలుపెట్టిన క్షణం నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో, అప్పుడు వెలుగు ఎంతో, విడి కాగితాలమీద రాసుకోవాలి. ఆ కాగితాలమీద గడియారం సమయం ఉండదు. అది పని పుస్తకంలో ఒక్కచోటే, గ్రహణం నడిమి క్షణానికి ఎదురుగా, "సమయం" అనే ఒకే ఒక గడిలో ఉంటుంది.

ఆ గడిలో ఏమి రాయాలన్నదే ఇక్కడి అసలు సంగతి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ కొన్ని నెలలు ఆ నక్షత్రానికి దగ్గరగా, కొన్ని నెలలు దూరంగా ఉంటుంది. దగ్గరగా ఉన్నప్పుడు గ్రహణం వార్త సూర్యుడికంటే మనకు ఎనిమిది నిమిషాలు ముందే అందుతుంది. దూరం జరిగినప్పుడు మనకే ఆలస్యమవుతుంది. కాబట్టి సూర్యుడి దగ్గర కూర్చున్న మనిషికి ఆ గ్రహణం ఎప్పుడు కనిపిస్తుందో ఆ సమయానికి మార్చుకుంటేనే ఏడాది పొడుగునా లెక్క నిలుస్తుంది. పెద్దాయన దీన్ని సూర్యుడి మర్యాద అనేవారు. "ఇంటిపెద్ద ఉండగా మన గడియారం చెల్లదు తల్లీ. ముందు ఆయనకు మర్యాద చెయ్యి, తరువాత పుస్తకంలో రాయి." ఏ తేదీకి ఎన్ని నిమిషాలో ఆయన స్వయంగా లెక్కకట్టి, గుమ్మటంలోని చెక్క అల్మారా తలుపు లోపల ఒక పట్టిక అంటించారు. ఆమె గడియారం సమయం పెన్సిల్‌తో రాసేది, పట్టిక చూసి మర్యాద చేసేది, వచ్చిన అంకెను అదే గడిలో సిరాతో రాసేది, తరువాత పెన్సిల్ అంకెను రబ్బరుతో చెరిపేసేది. చెరపడం కూడా పెద్దాయన ఆజ్ఞే. "ఒకే గడిలో రెండంకెలు ఉంచకు. రేపెవడో వచ్చి తప్పుదాన్ని తీసుకుంటాడు."

పెద్దాయన పోయి పదకొండేళ్లయింది. ఆయన తరువాత వచ్చినవారికి వేరే నక్షత్రాలమీద మనసు. తోడికోడళ్ల పుస్తకాలు బీరువాలో పెరుగుతూ పోయాయి గానీ తెరిచినవారు లేరు. మూడేళ్ల కిందట గుమ్మటానికి రంగులు వేసినప్పుడు రంగులవాడు శ్రద్ధగల మనిషి కావడంతో అల్మారాకు లోపల కూడా రెండు పూతలు వేశాడు. పట్టిక పోయింది. అప్పటికి అది ఆమెకు నోటికి వచ్చు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడికి ఆమె మొత్తం తొమ్మిది వందల పైచిలుకు గ్రహణాలు రాసింది.

ఈ మధ్య ఒక కొత్త శాస్త్రవేత్త వచ్చారు. మెత్తని మనిషి, ఆమెను "అమ్మా" అని పిలుస్తారు. ఆయనే బీరువా తెరిపించి, పంతొమ్మిదేళ్ల పుస్తకాలు చూసి, ఇంత ఓపిక ఎవరిదని ఆశ్చర్యపడ్డారు. ఆ వారమంతా ఆమె మెట్లు రెండేసి ఎక్కింది. రెండో వారం ఆయన ముఖం ముడుచుకుంది. కంప్యూటరులో గ్రహణాల సమయాలన్నీ చుక్కలుగా పెడితే అవి తిన్నగా లేవు. అలలా లేచి పడుతున్నాయి. ఏ ఏడాది చూసినా నక్షత్రం కనబడే కాలంలో నడిమి నెలల్లో, అంటే చలికాలంలో, గ్రహణం ఎనిమిది నిమిషాలు ఆలస్యం. మొదటా చివరా నాలుగు నిమిషాలు ముందు.

"ఎక్కడో ఉన్న నక్షత్రానికి మన సంవత్సరంతో పనేముందమ్మా? సూర్యుడి సవరణ నేను చేసే చూశాను. చలికి మీ లోలకం గడియారం ముందుకు పరిగెత్తుతోందేమో" అన్నారాయన.

"రోజూ రేడియో గంటతో సరిచూస్తానండీ" అన్నది ఆమె. సవరణ అనే మాట ఆమె చెవిన పడకపోలేదు. అయితే ఆమె ఎరిగింది మర్యాద. సవరణ అంటే కంప్యూటరు చేసే మరేదో పని అనుకుని ఊరుకున్నది.

ఆయన తనకు తోచినంతవరకు రాసి పరిపాలనాధికారికి పంపారు. అక్కడినుంచి సంగతి శాస్త్రం చేతిలోంచి జారి ఫైలు చేతిలో పడింది.

విచారణ ఒక పగటిపూట పరిపాలనాధికారి గదిలో జరిగింది. టైపు చేసిన ప్రశ్నలు, ఎదురుగా అవును, కాదు అని రెండు గళ్లు. కొత్త శాస్త్రవేత్త ఆ గదిలో లేరు. ఉండాలని నియమం లేదు.

"ప్రతి సాయంత్రం గడియారాన్ని రేడియో గంటతో సరిచూశారా?"

"చూశానండీ."

"అవును అనండి."

"అవునండీ."

"గడియారంలో కనబడిన సమయాన్నే పుస్తకంలో ఉంచారా?"

"లేదండీ. దాన్ని మార్చి..."

"అవునా, కాదా?"

"కాదండీ. కానీ పెద్దాయన..."

"ఆయన ఇప్పుడు మనకు అందుబాటులో లేరు. అడిగినదానికే చెప్పండమ్మా. మొదట రాసిన అంకెను చెరిపేశారా?"

"చెరిపేదాన్నండీ."

"ఎప్పుడైనా ఒకసారా?"

"రోజూనండీ. ఒక్క రోజు కూడా మానలేదు" అన్నది ఆమె, కాస్త గర్వంగానే.

అధికారి కలం ఆగింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత తేలిగ్గా, ఇంత సంతోషంగా నేరం ఒప్పుకున్న మనిషిని ఆయన చూసి ఉండరు. మూడు గళ్లు నింపి, ఆమె చేత సంతకం చేయించి, మంచినీళ్లు తాగమన్నారు. ఆమె తాగి, పని బాగా జరిగిందనుకుని బయటికి వచ్చింది.

నాలుగు రోజులకు ఉత్తర్వు అందింది. పరిశీలన సహాయకురాలు తాను చూసిన సమయాలను మార్చినట్టు, అసలు అంకెలను చెరిపివేసినట్టు స్వయంగా అంగీకరించినందున, పంతొమ్మిది సంవత్సరాల పని పుస్తకాలమీద "నమ్మదగినవి కావు" అని ముద్ర వేయవలసినదనీ, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆమె సామాన్ల గదిలో పని చేయవలసినదనీ అందులో ఉన్నది.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ప్రతి వాక్యమూ నిజమే. మార్చింది నిజం. చెరిపింది నిజం. ఒప్పుకున్నది కూడా నిజమే. నిజాలన్నీ కలిపితే అబద్ధం ఎట్లా అయిందో ఆమెకు అంతుపట్టలేదు.

ఇంటి ముందుగదే ఆమె భర్త కుట్టు దుకాణం. అతను, అతని అక్క కలిసి నడుపుతారు. అక్క ఆడవాళ్లకు కొలతలు తీస్తుంది, తమ్ముడు కత్తిరించి కుడతాడు. ఆమె ఉత్తర్వును కత్తెర పక్కన పెట్టింది. భర్త అద్దాలు సర్దుకుని చదివాడు.

"ఇదేంటే, నువ్వే ఒప్పుకున్నావని రాశారు?"

"నిజమే చెప్పానండీ."

"నిజం చెప్పడానికి నిన్నెవరు పిలిచారు? జవాబులు చెప్పడానికి కదా పిలిచింది!"

ఆడపడుచు గుండీల డబ్బా మూసి ఇటు తిరిగింది. "ఇంతకీ ఏమే మరదలా, ఏడాదికి ఎనిమిదేసి నిమిషాలు నువ్వేం చేసుకున్నావు? ఇంటికి తెచ్చినా బాగుండేది, పొద్దున ఇంకాస్త పడుకునేదాన్ని."

"ఊరుకోండి వదినా, నా తల తిరిగిపోతోంది."

"మరి వాళ్లకు విడమరచి చెప్పలేకపోయావా?" అన్నాడు భర్త. "నాకు చెప్పు చూద్దాం. చలికాలంలో గడియారం చూస్తావు. ఆ ఎనిమిది నిమిషాలు కలుపుతావా, తీసేస్తావా?"

ఆమెకు అది పంతొమ్మిదేళ్లుగా చెయ్యి దానంతటది చేసిన పని. కలుపుతానని అనబోయింది, తీసేస్తానేమో అనిపించింది. గాలిలో వేలితో అంకెలు రాసి చూసుకున్నది. వార్త మనకు ముందే అందుతుంది గనుక... మనం ముందు గనుక... తీసేయాలి. కాదు, సూర్యుడికి ఆలస్యం గనుక కలపాలి. మెట్లు దిగుతున్న మనిషిని ఏ కాలు ముందు వేస్తావని అడిగినట్టయింది. ఇక ఆ మెట్లమీద ఆమె పడుతూనే ఉన్నది.

ఒకటో తేదీకి ఇంకా పదకొండు రోజులున్నాయి, అప్పటిదాకా గుమ్మటం పని ఆమెదే. ఆ రోజుల్లో ఏడు గ్రహణాలు పట్టింది. చక్రం ఇరవయ్యో చుట్టు దగ్గర భుజం సరిగ్గానే ఆన్చింది. వెలుగు అంకెలు సరిగ్గానే రాసింది. "సమయం" గడి దగ్గరికి వచ్చేసరికి కలం కింద పెట్టి మళ్లీ తీసేది. పెన్సిల్ ముట్టాలంటే భయం, చెరపవలసి వస్తుందని. అందుకని నేరుగా సిరాతోనే రాసింది. రెండింటికి మర్యాద చేసిందని తరువాత అనుకున్నది. ఒకదానికి తిరగేసి చేసిందేమోనని కూడా అనుకున్నది. మిగిలినవి గడియారం చూపినట్టే రాసిందో ఏమో, ఆమెకే తెలియదు. పట్టిక చూద్దామని అల్మారా తలుపుమీది రంగు గోటితో గీకింది. గోటిలో ఆకుపచ్చ పెచ్చు మిగిలింది. పెద్దాయన పట్టికే తప్పేమో, ఇన్నేళ్లూ తను తప్పునే శ్రద్ధగా చేసిందేమో అన్న అనుమానం అక్కడే మొదలైంది. అది మొదలయ్యాక ఆమెకు అన్నం రుచి పోయింది.

ఆ వారంలోనే దుకాణంలో ఒక గొడవ అయింది. ఒక లాయరమ్మ నల్లకోటు కుట్టడానికి ఇచ్చింది, ఆడవాళ్ల కోటు ఆ దుకాణంలో అదే మొదటిది. మధ్యాహ్నం వచ్చి తొడుక్కున్నది. అద్దంలో చూసుకుని, ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ తిరిగి, "మాస్టారూ, ఇందులో నాతోపాటు నా కక్షిదారు కూడా పట్టేట్టున్నాడే" అన్నది.

భర్త టేపు తీసి కొలిచాడు. కోటు నలభై రెండు అంగుళాలుంది. కొలతల పుస్తకం తీశాడు. నలభై అని ఉన్నది.

"అక్కా, ఇట్రా. ఈమెగారి కొలత నలభై అని ఎట్లా రాశావు? చూడబోతే ముప్పై ఎనిమిది దాటదు!"

"ముప్పై ఎనిమిదే. రెండంగుళాలు వదులు కలిపి రాశాను."

"కలిపి రాస్తావా? వదులు కలిపేది నేను కదా!"

"నాన్న నాకట్లాగే నేర్పాడు. కోటుకైతే వదులు కలిపే రాయి, కత్తిరించేవాడు మరిచిపోతాడు అన్నాడు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"నువ్వడిగావట్రా? పొద్దున కొలత తప్పు లేదు కదా అక్కా అన్నావు. లేదన్నాను. తప్పెక్కడుంది?"

"తప్పు లేదే తల్లీ! నీది తప్పు కాదు, నాది తప్పు కాదు, కోటు మాత్రం గోనెసంచి అయింది!"

లాయరమ్మ నవ్వింది. గుండీలు కుడుతున్న గుమ్మటం అక్క నవ్వలేదు. సూదిని బట్టలోనే గుచ్చి వదిలేసింది.

"ఏమండీ" అన్నది. "ఆ కొలత తప్పా?"

"చెబుతున్నాగా, కొలత తప్పు కాదు. వదులు రెండుసార్లు పడింది."

"సూర్యుడి సవరణ నేను చేసే చూశాను అన్నాడాయన."

"ఎవరాయన? ఏ సూర్యుడు?"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి ఆడపడుచు చెప్పు వేసుకుని కొండ ఎక్కింది.

పని పుస్తకాలు అప్పటికి కార్యాలయంలో, లేఖలకు ప్రతులు రాసే వృద్ధుడి, అంటే ఈ లేఖకుడి, బల్లమీద ఉన్నాయి. ముద్ర వేయవలసిన పని అతనికి అప్పగించబడింది.

"బాబాయిగారూ, ముద్ర వేసేశారా?"

"లేదమ్మా. సిరా దిమ్మ ఎండిపోయింది. కొత్తది కావాలని రాశాను. రేపో ఎల్లుండో మంజూరవుతుంది."

ఆమె కుర్చీలో కూలబడి, కోటు సంగతి, వదులు సంగతి, మర్యాద సంగతి అన్నీ కలగలిపి చెప్పింది. అతనికి సగం అర్థమయింది. చెరిపిన అంకెల సంగతి మాత్రం పూర్తిగా అర్థమయింది, ఎందుకంటే అది అతని వృత్తి. ఒక పుస్తకంలో చలికాలపు పుట తెరిచి కిటికీ గట్టుమీద పడుకోబెట్టాడు. సాయంత్రపు ఎండ కాగితం వెంబడి ఏటవాలుగా పాకింది. సిరా అంకె కింద, ఏమీ లేని తెల్లటి చోట, నొక్కు పడిన గీతలు నీడలా తేలాయి. పెన్సిల్ పోయింది గానీ దాని ఒత్తిడి పోలేదు. ఏడు గంటల నలభై ఒక్క నిమిషాల పది సెకన్లు. దానిమీద సిరాతో ఏడు గంటల నలభై తొమ్మిది నిమిషాలు రెండు సెకన్లు.

"కలిపాను" అన్నది ఆమె మెల్లగా. "చలికాలంలో కలిపేదాన్నే. చూశారా బాబాయిగారూ, కలిపేదాన్ని."

ఇద్దరూ పుస్తకాలు మోసుకుని కొత్త శాస్త్రవేత్త గదికి వెళ్లారు. ఆయన కాగితాన్ని ఎండకు అటూ ఇటూ వంచి చాలాసేపు చూశారు.

"ఈ సవరణ మీరే చేసేవారా అమ్మా?"

"మర్యాద అంటామండీ."

"ఏమంటారు?"

"సూర్యుడికి మర్యాద. పెద్దాయన పెట్టిన మాట."

"అది నేను కూడా చేశానే!"

"అదేనండీ. వచ్చిన చుట్టానికి ఒకసారి దండం పెడితే సంతోషిస్తాడు. మళ్లీ వెంటనే పెడితే వెటకారం అనుకుంటాడు."

ఆయన నవ్వబోయి కంప్యూటరు వైపు తిరిగారు. తాను చేసిన సవరణ తీసేశారు. పంతొమ్మిదేళ్ల అల ఒక్కసారిగా అణగిపోయి, చుక్కలన్నీ దారం లాగినట్టు తిన్నగా నిలబడ్డాయి. పళ్లెం ఉబ్బిన వారాలు, తగ్గిన వారాలు, వేడి మచ్చ కదలిక, ఇక అన్నీ ఆ దారంమీద గుచ్చుకోవచ్చునని ఆయన గబగబా ఏదేదో చెప్పారు. ఆమె వినలేదు. తెర చివర, ఈ మధ్యే ఎక్కించినవై, దారానికి అటూ ఇటూ చెల్లాచెదురుగా పడి ఉన్న ఏడు చుక్కలను చూస్తున్నది.

"ఈ ఏడింటికీ ఏమైందమ్మా?"

"అవి నావి కావండీ." ఆగి, మళ్లీ అన్నది, "నావే. మీ కాగితం వచ్చాక రాసినవి. పెన్సిల్ పెట్టలేదు. ఏది మర్యాద చేసిందో ఏది చెయ్యనిదో నాకే తెలీదు."

"ఫరవాలేదు. ఎంత జరిపితే దారంమీదికి వస్తాయో లెక్క చూసి సరిచేసుకుందాం."

"వద్దండీ."

"చిన్న సర్దుబాటేనమ్మా."

"లెక్కకు సరిపోయేట్టు మనమే మార్చుకుంటే, ఇక గుమ్మటం తెరవడం ఎందుకండీ? వాటిని కొట్టేయండి. ఆ ముద్ర కావాలంటే వాటిమీద వేయించండి."

తప్పు ఎవరిదన్న ప్రశ్న ఆ గదిలో ఎవరూ పైకి అడగలేదు. పెద్దాయన తప్పు జరగకూడదని చెరిపించారు. ఆమె చెప్పినట్టు చెరిపింది. కొత్త శాస్త్రవేత్త చేయవలసిన సవరణే చేశారు. పరిపాలనాధికారి అడగవలసినవే అడిగారు. ఆమెకు ఆ సంగతి ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. ఇంటికి వెళ్లాక కూడా భర్తను అడిగిందట, "అందరూ సరిగ్గానే చేస్తే మరి ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడివండీ?" అని. అతను కోటు కుట్లు విప్పుతూ, "ఈ రెండంగుళాలు ఎక్కడివో అక్కడివే" అన్నాడట. ఆడపడుచు తన చెప్పు ఏదని అడిగిందట.

ఉత్తర్వు మాత్రం అప్పటికే సంతకమై పై కార్యాలయానికి చేరింది. దాన్ని ఆపే అధికారం ఇక్కడ ఎవరికీ లేదని పరిపాలనాధికారి చెప్పారు. విన్నవించుకుంటే అభ్యంతరం లేదని కూడా చెప్పారు. ఆ ప్రకారం, శాస్త్రవేత్తగారి అంగీకార సంతకంతో ఈ కాగితాలు పంపబడుతున్నాయి.

కావున గౌరవనీయులైన పై అధికారులవారికి గుమ్మటం అక్క తరఫున సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా: విచారణ పత్రంలో రెండవ ప్రశ్నకు ఎదురుగా ఉన్న "కాదు" అనే మాట పూర్తి జవాబు కాదు, ఆమె చెప్పబోయి ఆగిన మిగతా వాక్యాన్ని దాని కింద చేర్చుకోవలసిందిగా కోరడమైనది. తొమ్మిది వందల ముప్పై ఒక్క గ్రహణాలలో తొమ్మిది వందల ఇరవై నాలుగింటిని నమ్మదగినవిగా ఉంచి, సమయాలకు ఇప్పటికే సూర్యుడి సవరణ జరిగి ఉన్నదని ప్రతి పుస్తకం మొదటి పుటలో రాయించవలసిందిగా ప్రార్థన. తక్కిన ఏడింటిని కొట్టివేయవలసిందిగా ఆమె స్వయంగా కోరుతున్నది. ఆమె పుస్తకంలో ఇవే మొదటి కొట్టివేతలు అవుతాయి గనుక, ఆ గీతలు ఆమె చేతనే గీయించవలసిందిగా కోరడమైనది. నక్షత్రం ఇంకా రెండు నెలలపాటు పరిశీలనకు అందుబాటులో ఉంటుంది. చక్రానికి ఇరవయ్యో చుట్టు దగ్గర పన్ను అరిగి ఉన్నది. దాని మరమ్మతు ఫిర్యాదు ఇంకా పరిశీలనలో ఉన్నది. అది తేలేవరకైనా ఒకటో తేదీ బదిలీని నిలిపివేసి, గుమ్మటం తాళాలను ఈమె వద్దనే ఉండనివ్వవలసిందిగా వినయపూర్వకంగా ప్రార్థించడమైనది.